క్యాంపర్ వ్యాన్‌లో బయోడీజిల్ కలపొచ్చా? రెన్యువబుల్ డీజిల్ మన దగ్గర దొరుకుతుందా? గోదావరి జిల్లాల వాళ్లు చెప్పండి

లంకగాలి (రాజోలు)

అందరికీ నమస్కారం అండి. మా దగ్గర 2015 మోడల్ టెంపో ట్రావెలర్ ఉంది. వెనక సీట్లు తీసేసి రెండు మంచాలు, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు, పైన సోలార్ పెట్టించాం. అమ్మానాన్నలకి లాడ్జీల్లో బాత్రూములు ఇబ్బందిగా ఉంటున్నాయని ఈ బండి ఏర్పాటు చేసుకున్నాం. ఏడాదిలో ఎక్కువ కాలం ఇంటి పక్క రేకుల షెడ్డులోనే ఉంటుంది. సంక్రాంతి వెళ్లాక ఒకసారి, వేసవిలో, మళ్లీ కార్తీకంలో బయటికి తీస్తాం.

విషయం ఏంటంటే, మా వైపు ఒకాయన బయోడీజిల్ అని క్యాన్లలో బంకు రేటు కంటే బాగా తక్కువకి అమ్ముతున్నాడు. సగానికి సగం కలిపి పోసుకోండి, ఏమీ కాదు అంటున్నాడు. ఇంకోపక్క వీడియోల్లో విదేశాల వ్యాన్ల వాళ్లు రెన్యువబుల్ డీజిల్ అని వేరేదేదో పోస్తున్నారు. రెండూ ఒకటేనా? మన బండికి ఏది పడుతుంది?

ఖర్చు ఒక్కటే కాదండి. అంతర్వేదిలోనూ ఉప్పాడలోనూ సముద్రం ఊళ్ల మీదికి ఎలా వస్తోందో చూస్తున్నవాళ్లం. మన బండి పొగ కొంచెం తగ్గించే దారి ఉంటే పాటించాలని ఉంది.

యానాంరోడ్డు (ముమ్మిడివరం)

తక్కువ రేటే కావాలంటే యానాం వచ్చి ట్యాంకు నింపుకోండి. అక్కడ పన్ను తక్కువ, బంకు డీజిల్, బిల్లు ఇస్తారు. క్యాన్ల జోలికి వెళ్లకండి.

మిథైల్ఎస్టర్ (కాకినాడ)

లంకగాలి గారూ, ముందు రెండూ ఒకటి కాదు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల చాలామంది కలిపేస్తున్నారు. నేను ఈ రంగంలోనే పనిచేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

బయోడీజిల్ అంటే నూనెని గానీ కొవ్వుని గానీ మిథనాల్‌తో, కాస్టిక్ లాంటి క్షారంతో కలిపి వేడిచేస్తే వచ్చేది. సుమారు వంద కిలోల నూనెకి పది కిలోల మిథనాల్ ఖర్చవుతుంది. వంద కిలోల దాకా బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ వస్తాయి. గ్లిజరిన్ అడుక్కి దిగిపోతుంది, పైది కడిగి, నీరు తీసేసి వాడతారు. ఈ బయోడీజిల్ అణువులో ఆక్సిజన్ ఉంటుంది. మంట శుభ్రంగా మండటానికి అదే కారణం. నూనెలాగే ఇది గాలి తగిలి నిల్వలో పాడవుతుంది కూడా. మామూలు డీజిల్ కంటే ఇది నీటిని చాలా ఎక్కువ పట్టుకుంటుంది.

రెన్యువబుల్ డీజిల్ కూడా నూనెల నుంచే వస్తుంది గానీ దారి వేరు. పెద్ద రిఫైనరీలో ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి మీద హైడ్రోజన్ పంపించి నూనెలోని ఆక్సిజన్ మొత్తం తీసేస్తారు. చివరికి మిగిలేది పెట్రోలియం డీజిల్‌లో ఉండే రకం హైడ్రోకార్బనే, ఇంకా శుద్ధమైనది. హెచ్‌వీవో అనేది దీన్నే. సీటేన్, అంటే ఇంధనం ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె, 70 దాటుతుంది, మన బంకు డీజిల్‌కి కనీసం 51 ఉంటే చాలు. నీరు పట్టదు, నెలల తరబడి ఉంచినా పాడవదు. అది ఇంట్లోనో షెడ్డులోనో తయారయ్యేది కాదు, మన బంకుల్లో అమ్మటమూ లేదు. కాబట్టి ఇక్కడ ఎవరైనా క్యాన్‌లో పోసి రెన్యువబుల్ డీజిల్ అంటే నమ్మకండి.

బంకు డీజిల్‌లో 7 శాతం దాకా బయోడీజిల్ కలపడానికి మన దేశపు ఐఎస్ 1460 ప్రమాణమే ఒప్పుకుంటుంది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి 5 శాతం కలపాలని పెట్టుకుంది. దానికి ఇంకా చాలా దూరంలో ఉన్నాం. బీ6 నుంచి బీ20 దాకా, అంటే 6 నుంచి 20 శాతం బయోడీజిల్ ఉన్న మిశ్రమాలకి ఐఎస్ 16531, నూటికి నూరు బయోడీజిల్‌కి ఐఎస్ 15607 ఉన్నాయి. మీరడిగిన సగం సగం, అంటే బీ50, ఈ ప్రమాణాలు దేనిలోకీ రాదు.

షెడ్డు_భీమవరం

పై ఆయన చెప్పింది పుస్తకం. నేను షెడ్డులో చూసేది చెబుతాను.

పాత బండిలో ఒక్కసారిగా బయోడీజిల్ ఎక్కువ పోస్తే మొదట దెబ్బతినేది ఇంజిన్ కాదు, ఫిల్టర్. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకి పట్టిన మడ్డిని బయోడీజిల్ కరిగించి కిందికి దించేస్తుంది. అదంతా వచ్చి ఫిల్టర్‌లో కూర్చుంటుంది. బండి స్లోలో బాగానే ఉంటుంది, బ్రిడ్జి ఎక్కేటప్పుడు పికప్ చచ్చిపోతుంది. చించినాడ బ్రిడ్జి మీద ఆగిపోయింది రమ్మని ఫోన్లు వస్తాయి. ఫిల్టర్ మారిస్తే లేస్తుంది, కొన్ని రోజులకి మళ్లీ అదే. ట్యాంకు దింపి కడిగితే తప్ప ఆ బెడద పోదు.

రెండోది గొట్టాలు. పాత రబ్బరు పైపులు, నైట్రైల్ రబ్బరు రింగులు ఉబ్బి మెత్తబడతాయి. చేత్తో నొక్కితే తెలిసిపోతుంది. రాగి, ఇత్తడి ముక్కలు ఉన్న చోట ఆకుపచ్చ జిడ్డు పడుతుంది. వైటాన్ అనే రకం రబ్బరు గొట్టాలు వేసుకుంటే ఆ ఉబ్బే గొడవ ఉండదు, కాస్త రేటు ఎక్కువ.

లంకగాలి గారూ, మీ బండి బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలకి ముందుది కాబట్టి బీ20 దాకా తట్టుకుంటుంది అనే నా నమ్మకం. అయితే కంపెనీ మాన్యువల్‌లో ఏం రాశారో ముందు చూడండి.

కాజాల_వీధి (తాపేశ్వరం)

మాకు మిఠాయి, కారా తయారీ ఉంది. మూకుడులో వాడేసిన నూనె రోజూ మిగులుతుంది. ఈ చర్చ చూసి అడుగుతున్నాను. బయోడీజిల్‌గా మార్చే గొడవ లేకుండా ఆ నూనెనే గుడ్డలో వడకట్టి మా డెలివరీ వ్యానులో డీజిల్‌తో కలిపితే ఏమవుతుంది? డీజిల్ ఇంజిన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ కాలంలోనే 1900 పారిస్ ప్రదర్శనలో వేరుశెనగ నూనెతో ఇంజిన్ నడిపారని చదివాను. అప్పుడు నడిచింది ఇప్పుడు ఎందుకు నడవకూడదు?

మిథైల్ఎస్టర్ (కాకినాడ)

నడిచింది నిజమే అండి. ఆ ఇంజిన్ వేరు, ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్ వేరు. వంటనూనె చిక్కదనం డీజిల్‌కి సుమారు పదిరెట్లు. ఇప్పటి ఇంజెక్టర్ రంధ్రం వెంట్రుక మందంలో ఉంటుంది, డీజిల్‌ని వెయ్యి బార్లకి మించిన ఒత్తిడితో పొగమంచులా చిమ్మాలి. చిక్కటి నూనె అలా చిమ్మబడదు, చుక్కలుగా పడి పూర్తిగా కాలదు. ఇంజెక్టర్ కొస మీద, పిస్టన్ రింగుల సందుల్లో మసి గట్టిపడుతుంది. వడకట్టటం వల్ల పిండి రేణువులు పోతాయి గానీ చిక్కదనం తగ్గదు కదా. మిథనాల్‌తో చర్య జరిపించేదే ఆ చిక్కదనం తగ్గించడానికి.

మీ నూనెకి అసలు దారి వేరే ఉంది. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో రూకో అని మొదలుపెట్టింది, వాడేసిన వంటనూనెని సేకరించి బయోడీజిల్ తయారీకి పంపటం దాని పని. రోజుకి 50 లీటర్లకి మించి నూనె వాడే వ్యాపారాలు లెక్క రాసుకోవాలి, గుర్తింపు ఉన్న సేకరణదారుకే ఇవ్వాలి. మరిగిన కొద్దీ నూనెలో పెరిగే పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే మళ్లీ వంటకి వాడకూడదు. మన కాకినాడలోనే యూనివర్సల్ బయోఫ్యూయెల్స్ ప్లాంటు ఉంది, ఏడాదికి లక్షన్నర టన్నుల సామర్థ్యంతో కట్టారు. మీ మూకుడులోది ప్లాంటుకి చేరితే పరీక్షలు దాటి, కొలతలో కలిసి, ఎంతోమంది బళ్లలో పద్ధతిగా కాలుతుంది. మీ ఒక్క వ్యానులో పోసి ఇంజెక్టర్లు పాడుచేసుకోవటం కంటే అది ఎంతో మేలు.

కాజాల_వీధి (తాపేశ్వరం)

అర్థమైంది. ఇప్పటిదాకా సబ్బుల వాళ్లమని వచ్చిన వాళ్లకి డబ్బాల లెక్కన ఇచ్చేస్తున్నాం. వాళ్లు ఎక్కడికి తీసుకెళ్తున్నారో మాకు తెలియదు. గుర్తింపు కాగితం అడుగుతాం.

చెరువుగట్టు (కాళ్ల మండలం)

అడగండి, తప్పకుండా అడగండి. ఆ నూనె శుద్ధి పేరుతో మళ్లీ చిన్న హోటళ్ల మూకుళ్లలోకే వచ్చే ప్రమాదం ఉంది. తినేది మన పిల్లలే.

రైన్‌తీరం (సొంతూరు నరసాపురం, ఉండేది జర్మనీ)

ఇక్కడ మాకు పాత క్యాంపర్ వ్యాన్ ఉంది, అందులో హెచ్‌వీవో వాడుతున్నాను. జర్మనీలో మామూలు బంకుల్లో దీన్ని 2024 మే నెలాఖరు నుంచి అమ్మనిచ్చారు. పంపు మీద చదరపు గడిలో ఎక్స్‌టీఎల్ అని రాసి ఉంటుంది, మామూలు డీజిల్‌కి బీ7 అని ఉంటుంది. మన బండి డీజిల్ మూత లోపల కూడా ఎక్స్‌టీఎల్ గుర్తు ఉంటేనే కంపెనీ ఒప్పుకున్నట్టు. అమెరికాలో కాలిఫోర్నియాలో ఇది చాలా ఏళ్లుగా బంకుల్లో దొరుకుతోంది, అక్కడ ఆర్99 అంటారు.

నాకు బాగా నచ్చింది వాసన లేకపోవటం. వ్యానులో పడుకునేవాళ్లకి అది చిన్న విషయం కాదు. మా వ్యానులో డీజిల్‌తో నడిచే హీటర్ ఉంది. మామూలు డీజిల్‌తో వెలిగించినప్పుడు ఘాటు వాసన, తెల్లపొగ వచ్చేవి. హెచ్‌వీవోలో బెంజీన్ జాతి పదార్థాలు దాదాపు ఉండవు, హీటర్ వెంటనే అంటుకుంటుంది, మసి తక్కువ. చలికాలం అంతా వ్యాన్ కదలకుండా ఉంటుంది, వసంతంలో తాళం తిప్పితే స్టార్ట్ అవుతుంది.

మైలేజీ మాత్రం ఒక మాట. హెచ్‌వీవో తేలిక, సాంద్రత లీటరుకి 780 గ్రాముల దగ్గర ఉంటుంది, అందుకని లీటరుకి నాలుగైదు శాతం శక్తి తక్కువ. బయోడీజిల్ నూటికి నూరు అయితే ఎనిమిది శాతం దాకా తక్కువ. బీ20లో అయితే ఒకటి రెండు శాతమే కాబట్టి తేడా పెద్దగా తెలియదు. ఇంకోటి, చాలా పాత బండిలో మామూలు డీజిల్‌కి ఉబ్బి అలవాటు పడ్డ సీళ్లు హెచ్‌వీవోకి మారగానే కొంచెం ముడుచుకుని చెమ్మ కారవచ్చు. మార్చిన కొత్తలో పంపు కింద ఒకసారి చూసుకోవాలి.

పర్యావరణం సంగతి కూడా చెప్పాలి. ఏ నూనెతో చేశారన్నదే ముఖ్యం. వాడేసిన నూనెతో చేస్తే మొత్తం జీవితచక్రం లెక్కలో కార్బన్ 80 శాతానికి పైగా తగ్గుతుంది. అడవులు కొట్టి వేసిన పామాయిల్‌తో చేస్తే ఆ లాభం ఎగిరిపోతుంది, మామూలు డీజిల్ కంటే ఘోరంగా కూడా ఉండొచ్చు. ఇక్కడ బిల్లు తీసుకునేటప్పుడు అది దేనితో చేశారని అడుగుతూ ఉంటాను.

కోనసీమ_కొబ్బరాకు (అమలాపురం)

నాది బీఎస్6 వ్యాన్. పోయిన నెలే క్యాంపర్‌గా మార్పించుకున్నాం, ఆర్టీఓ దగ్గర ఆల్టరేషన్ రాయించాం. పిల్లలతో నేనే నడుపుతాను. నాలాంటి వాళ్లకి బీ20 పనికొస్తుందా? ఈ చర్చలో అందరూ పాత బళ్ల గురించే చెబుతున్నారు.

షెడ్డు_భీమవరం

వద్దమ్మా. కంపెనీ రాసిస్తే తప్ప వద్దు. మీ బండిలో డీపీఎఫ్ ఉంటుంది, పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్. మసి నిండినప్పుడు ఇంజిన్ దాన్ని కాల్చుకోవటానికి కాస్త ఎక్కువ డీజిల్‌ని ఆలస్యంగా చిమ్ముతుంది. మామూలు డీజిల్ ఆవిరై సైలెన్సర్ వైపు పోతుంది. బయోడీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు, సిలిండర్ గోడకి అంటి కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే అదే గుర్తు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. కాలవగట్ల రోడ్ల మీద ముప్పై, నలభై స్పీడులో తిరిగితే సైలెన్సర్ అంత వేడెక్కదు, మసి కాలటం మొదలవుతుంది, ఇంజిన్ ఆపేస్తాం, మళ్లీ మొదలు. అప్పుడప్పుడు రావులపాలెం ఎక్కి హైవే మీద అరగంట ఏకబిగిన తోలండి. డీపీఎఫ్ లైటు వెలిగితే మధ్యలో ఆపకండి.

మిథైల్ఎస్టర్ (కాకినాడ)

దానికి తోడు ఒక మాట. సరిగ్గా కడగని బయోడీజిల్‌లో సోడియం, పొటాషియం మిగిలిపోతాయి. ప్రమాణం ప్రకారం రెండూ కలిపి కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. అవి డీపీఎఫ్‌లో బూడిదై కూర్చుంటాయి, మసిలాగా కాలిపోవు. డీపీఎఫ్ కొత్తది వేయించాలంటే ఎంతవుతుందో సర్వీసు సెంటర్‌లో ఒకసారి అడిగి చూడండి. బంకు డీజిల్‌లో కలిపి వచ్చేది చాలు మీకు.

లంకగాలి (రాజోలు)

చాలా విషయాలు తెలిశాయండి. నాకు ఇంకో అనుమానం. మా బండి నెలల తరబడి నిలబడి ఉంటుంది కదా. ఇంజిన్ తట్టుకుంటుంది అన్నారు. నిలబెట్టిన బండికి ఏమవుతుంది?

మిథైల్ఎస్టర్ (కాకినాడ)

మీరు అడిగిన వాటిలో అసలు ప్రశ్న ఇదే. లారీకి, క్యాంపర్ వ్యానుకి తేడా ఇక్కడే వస్తుంది. లారీ రెండు రోజుల్లో ట్యాంకు ఖాళీ చేస్తుంది, బయోడీజిల్ పాడయ్యే లోపే కాలిపోతుంది. మన వ్యాను తొలకరికి షెడ్డులో పెడితే కార్తీకానికి తీస్తాం. మధ్యలో డెల్టా గాలి. మన దగ్గర ఆ నెలల్లో ఉప్పు డబ్బాలో ఉప్పు కూడా చెమ్మగిల్లుతుంది. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లబడినప్పుడు గోడలకి చెమ్మ పడుతుంది, నీరు అడుక్కి దిగుతుంది. డీజిల్‌కి, నీటికి మధ్య సరిహద్దులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. బయోడీజిల్ వాటికి ఇంకా ఇష్టమైన తిండి.

ఒకసారి చూసుకోవాలంటే ఇలా చేయండి. ఫిల్టర్ కింద ఉండే వాటర్ సెపరేటర్ మర తిప్పి, ఒక గ్లాసుడు సీసాలోకి పట్టండి. కాసేపు కదపకుండా ఉంచండి. పైన డీజిల్, కింద నీరు గీత గీసినట్టు విడిపోతాయి. ఆ గీత దగ్గర గోధుమరంగు పొర, సాగే పీచులాంటిది తేలుతుంటే ట్యాంకులో జీవులు చేరినట్టే. కుళ్లిన గుడ్డు వాసన కూడా వస్తే ఆలస్యం చేయకుండా ట్యాంకు కడిగించాలి.

బీ20 అయినా ఆరు నెలలకి మించి ట్యాంకులో ఉంచకూడదు అనేది మామూలుగా చెప్పే లెక్క. మన గాలికి అందులో సగమే అనుకుని నడుచుకోండి. మీ వాడకానికి నా సలహా ఒకటే. బండి నిలబెట్టబోయే ముందు చివరి ట్యాంకు మామూలు బంకు డీజిల్‌తో, మూతి దాకా నింపండి. లోపల గాలి లేకపోతే చెమ్మకి చోటు ఉండదు. బయోడీజిల్ మిశ్రమం వాడదలిస్తే ప్రయాణంలో, రెండు మూడు రోజుల్లో అయిపోయేంతే పోయండి.

చెరువుగట్టు (కాళ్ల మండలం)

నిలబెట్టిన జనరేటర్లకీ ఇదే జబ్బు. చెరువులో గాలి ఆడించే ఏరియేటర్లకి కరెంటు పోయినప్పుడే జనరేటర్ కావాలి, అదే టైములో స్టార్ట్ అవ్వదు. రొయ్యకి గంటసేపు గాలి ఆడకపోతే చెరువు పోయినట్టే. మా గట్టు మీద జనరేటర్‌కి బయోడీజిల్ అస్సలు పోయనివ్వను. ఎవరు ఎంత తగ్గించి ఇస్తానన్నా సరే.

యానాంరోడ్డు (ముమ్మిడివరం)

పోయిన డిసెంబర్‌లో మేం లంబసింగి వెళ్లాం. మాతో వచ్చిన ఇంకో వ్యాను వాళ్లు క్యాన్ బయోడీజిల్ పోయించుకున్నారు. నర్సీపట్నం దాకా బాగానే వచ్చింది. రాత్రి పైన పడుకున్నాం. తెల్లారి వాళ్ల బండి స్టార్ట్ అవ్వలేదు. ఎండ వచ్చాక స్టార్ట్ అయింది. అది చలి వల్లేనా?

మిథైల్ఎస్టర్ (కాకినాడ)

చలి వల్లే అయ్యుంటుంది. పామాయిల్ నుంచి చేసిన బయోడీజిల్ 13 నుంచి 16 డిగ్రీల మధ్యే మసకబారి పేరుకోవటం మొదలుపెడుతుంది. మన హోటళ్లలో వాడేది ఎక్కువగా పామోలిన్ కాబట్టి వాడేసిన నూనె బయోడీజిల్‌దీ దాదాపు అదే గుణం. డెల్టాలో రాత్రి చలి అంతకంటే కిందికి పెద్దగా దిగదు కాబట్టి ఇక్కడ తెలియదు. లంబసింగిలో డిసెంబర్, జనవరి తెల్లవారుజాము ఒక అంకె డిగ్రీల్లో ఉంటుంది. ఫిల్టర్ కాగితం మీద మైనంలా పొర కడుతుంది. కొంచెం వేడి తగిలితే కరుగుతుంది. మారేడుమిల్లి చలికాలం వెళ్లేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. కొండ ఎక్కేముందు కిందే మామూలు డీజిల్ నింపుకోండి.

షెడ్డు_భీమవరం

క్యాన్ సరుకు విషయంలో ఒకటి చెప్పి ముగిస్తాను. అమ్మేవాడిని మూడు అడగండి. రాష్ట్ర ప్రభుత్వం దగ్గర నమోదు కాగితం ఉందా, ఐఎస్ 15607 పరీక్ష రిపోర్టు ఉందా, బిల్లు ఇస్తాడా. బయోడీజిల్ అమ్మకానికి కేంద్రం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మూడింటిలో ఒక్కటి లేకపోయినా లేచి వచ్చేయండి.

మా షెడ్డులో హైడ్రోమీటర్ ఉంది. ఆ మధ్య ఒకాయన బయోడీజిల్ అని తెచ్చిన క్యాన్‌లో ముంచి చూపించాను. అసలు బయోడీజిల్ సాంద్రత 860 నుంచి 900 మధ్య ఉండాలి. బంకు డీజిల్ 845 దాటదు. ఆ క్యాన్‌లోది డీజిల్ కంటే కూడా కిందికి చూపించింది. ఏ కిరసనాయిలో, ఏ ఫ్యాక్టరీ నూనెలో కలిపారో ఆ అమ్మినవాడికే తెలియాలి.

మిథైల్ఎస్టర్ (కాకినాడ)

సాంద్రత సరిపోయినంత మాత్రాన మంచి సరుకని కాదు. ఇంకో తేలికైన పరీక్ష ఉంది. సీసాలో సగం నీళ్లు, సగం ఆ బయోడీజిల్ పోసి గట్టిగా ఊపండి. అరగంటలో శుభ్రంగా రెండుగా విడిపోవాలి, కింద నీళ్లు తేటగా ఉండాలి. మధ్యలో తెల్లటి నురుగు పొర మజ్జిగలా నిలిచిపోతే సబ్బు ఉంది, లేదా నూనె పూర్తిగా మారలేదు. అలాంటిది పాత బండిలోనూ పోయకండి.

ఇంట్లో తయారుచేద్దామని ఎవరికైనా ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. మిథనాల్ చాలా ప్రమాదం. ఆవిరి అంటుకుంటుంది, ఒంట్లోకి వెళితే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ డబ్బా ఉండకూడదు.

కోనసీమ_కొబ్బరాకు (అమలాపురం)

హెచ్‌వీవో మన దగ్గరికి ఎప్పుడొస్తుందో గానీ వస్తే బాగుంటుంది. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ, చుట్టూ వేల ఎకరాల తోటలు, కాకినాడ రేవు పక్కన నూనె రిఫైనరీలు, ఇన్ని ఉన్నచోటు ఇది.

రైన్‌తీరం (సొంతూరు నరసాపురం, ఉండేది జర్మనీ)

ఉన్నాయి గానీ, దేశం తినే నూనెలో సగానికి పైగా బయటినుంచి కొంటున్నాం అక్కా. తినే నూనెని బండికి పోయటం నాకు ఇష్టం లేదు. కాజాల వీధి గారి మూకుడులో మిగిలేది, రొయ్యల, చేపల ఫ్యాక్టరీల్లో పారేసే కొవ్వు, ఇలాంటివి ముందు ఒక చోటికి చేరాలి. ఆ సరుకు పోగుపడితే బయోడీజిల్ అయినా, హెచ్‌వీవో అయినా దాని నుంచే చేయొచ్చు.

లంకగాలి (రాజోలు)

నా నిర్ణయం రాస్తున్నాను. క్యాన్ సరుకు కొనను. ఈ వారమే ట్యాంకు దింపించి కడిగిస్తాం, పాత రబ్బరు గొట్టాలు తీయించి వైటాన్‌వి వేయిస్తాం, ఫిల్టర్ కొత్తది. షెడ్డు భీమవరం గారూ, మీ దగ్గరికే తీసుకొస్తాను, సఖినేటిపల్లిలో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కించి నరసాపురం మీదుగా వస్తే మాకు దగ్గర. రిపోర్టు, బిల్లు ఉన్న చోట బీ20 దొరికితే, మాన్యువల్ ఒప్పుకుంటే, వేసవి ప్రయాణంలో మాత్రం వాడతాను. వానల ముందు మూతి దాకా బంకు డీజిల్.

షెడ్డు_భీమవరం

రండి. ట్యాంకులో డీజిల్ బాగా తగ్గాక రండి, దింపటం తేలిక. పొద్దున్నే వస్తే సాయంత్రానికి ఇచ్చేస్తాను. సెపరేటర్ నీరు తీయటం మీ నాన్నగారికి కూడా చూపిస్తాను, నెలకోసారి ఆయనే చూసుకోవచ్చు.

కాజాల_వీధి (తాపేశ్వరం)

మిథైల్ఎస్టర్ గారూ, మా వీధిలో ఇంకో నాలుగు దుకాణాల వాళ్లు కూడా నూనె కలిపి ఇస్తామంటున్నారు. డబ్బాల్లో నీళ్లు చేరకుండా ఎలా దాచాలో ఒక్కసారి చెప్పండి.

మిథైల్ఎస్టర్ (కాకినాడ)

చల్లారాక జల్లెడ పట్టి, మూత బిగుతుగా ఉన్న డ్రమ్ములో పోయండి. వాన తగలని చోట, నేల మీద కాకుండా చెక్క మీద పెట్టండి. మూకుడు కడిగిన నీళ్లు అందులో కలవనివ్వకండి, సరుకు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. నెలలు ఆపకుండా వారం పది రోజులకోసారి పంపించేయండి.